ఒకే తల్లి పిల్లలు, రెండు సర్టిఫికెట్లు (పల్లె కాగితాలు – 9)



ఎనిమిదో భాగం చదివాక చాలామంది తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మెసేజీలు పెట్టారు. అందరిదీ దాదాపు ఒకటే ప్రశ్న. "అక్కా, మా ఇంట్లో పాత ఫోటో ఒకటుంది. అందులో ఎవరెవరో చెప్పేవాళ్ళు లేరు. ఎట్లా కనుక్కోవాలి?"

ఈ భాగం దానికి జవాబు. మా ఇంటి ఫోటోతోనే చెప్తాను. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పోస్టుకి ఫోటో పెట్టలేదు. మా ఊరి పేరు రాయలేదు, ఇంటిపేరు రాయలేదు, ఫోటోలో మనుషుల పేర్లు ఒక్కటీ రాయలేదు. పేర్లు ఎట్లా కనుక్కోవాలో చెప్పే పోస్టులో పేర్లే లేకపోవడం ఏంటని అనుకుంటారు. కారణం ఉంది. కింద చెప్తాను. అసలు ఈ పోస్టు రాయడానికి కారణం కూడా అదే.

వంశవృక్షం ఎవరికి ఉంటుంది?

మన ఇళ్ళల్లో తాత తండ్రి పేరు అడిగితే తెలుస్తుంది. తాత తాత పేరు అడిగితే ఇంట్లో అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఊళ్ళో పెద్ద కులాల ఇళ్ళల్లో అడగండి, ఏడు తరాలు గడగడా చెప్తారు. వాళ్ళకు జ్ఞాపకశక్తి ఎక్కువై కాదు. వంశవృక్షం అనేది భూమి ఉన్నవాడికి, పదవి ఉన్నవాడికి అవసరమైన కాగితం. అవసరం ఉంది కాబట్టి రాసుకున్నారు, దాచుకున్నారు.

కల్నల్ మెకంజీ మనుషులు గుంటూరు సీమలో ఊరూరా తిరిగి రాయించిన కైఫియతులు చూడండి. ఏ ఊరి కరణీకం ఏ ఇంటిపేరు వాళ్ళదో, ఎన్ని భాగాలుగా పంచుకున్నారో ఉంటుంది. గోపరాజు రామన్న కరణీకాలు పంచిన కథ దాకా వెనక్కి వెళ్తారు. తర్వాత 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ పెట్టారు. ఇనాందారు తన హక్కు నిరూపించుకోవాలంటే మొదట ఎవరికి ఇచ్చారు, ఆ తర్వాత ఎవరి చేతికి వచ్చింది అని చెప్పుకోవాలి. అంటే సర్కారే దగ్గరుండి వాళ్ళ వంశాలు రాసిపెట్టింది.

మరి పల్లెలో మన ముత్తాతల సంగతి? పాలేరుగా జీతానికి ఉన్నవాడి పేరు దొర ఖాతా పుస్తకంలో ఉంటుంది. పేరు చివర 'గాడు' అని ఉంటుంది. ఎన్ని పుట్ల గింజలు తీసుకున్నాడో, ఎంత బాకీ ఉన్నాడో ఉంటుంది. తండ్రి పేరుతో ఆ పుస్తకానికి పని లేదు. ఆ బాకీ కొడుక్కి బదిలీ అయినప్పుడు మాత్రం తండ్రి పేరు అవసరం పడుతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఇదే తెలుగు నేల నుంచి ఓడెక్కి కూలికి పోయినవాళ్ళకు ఇంతకంటే మంచి కాగితాలు ఉన్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి వెళ్ళిన ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలో డర్బన్ చేరింది. ఆ ఓడలోనూ, తర్వాత వెళ్ళిన ఓడల్లోనూ ఎక్కినవాళ్ళ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు అన్నీ రాశారు. ప్రేమతో రాయలేదు. పారిపోతే పట్టుకోవడానికి రాశారు. అయినా ఈ రోజు డర్బన్‌లో ఉన్న తెలుగు కుటుంబం ఆ జాబితా పట్టుకుని తమ ఊరు వెతుక్కోగలదు. ఇక్కడే నల్లరేగడిలో ఉండిపోయిన మనకు ఆ జాబితా కూడా లేదు.

మీలో చాలామంది సహవాసి తెలుగు చేసిన 'ఏడుతరాలు' చదివే ఉంటారు. అమెరికాలో నల్లజాతి వాళ్ళు తమ పూర్వీకుల్ని వెతుక్కుంటూ పోతే 1870 దగ్గర గోడ తగులుతుంది. బానిసత్వం పోయాక తీసిన మొదటి జనాభా లెక్క అది. అందులోనే మొదటిసారి వాళ్ళందరి పేర్లూ ఎక్కాయి. 1850, 1860 లెక్కల్లో బానిసల పట్టీలు వేరేగా ఉన్నాయి. వాటిలో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వయసు, ఆడా మగా, రంగు. మనిషి పేరు ఉండదు. హేలీకి ఆఫ్రికాలో వంశాలు పాటగా చెప్పే గ్రియో దొరికాడు. మనకూ అలాంటివాళ్ళు ఉన్నారు. తెలంగాణలో, రాయలసీమలో మాదిగల పుట్టుక చెప్పే డక్కలి వాళ్ళు ఆ పనే చేశారు. జాంబపురాణం చెప్తూ ఇంటి పెద్దల్ని తలిచేవాళ్ళు. మా ఇంటి గడపలోకి మాత్రం అలాంటి పాట రాలేదు. మాది బాప్తిస్మం తీసుకున్న ఇల్లు.

మా ఫోటో

మా ఫోటో గుంటూరులో స్టూడియోలో తీయించింది. వెనక ముద్ర చెరిగిపోయి ఊరి పేరు ఒక్కటే కనిపిస్తుంది. ఫోటోలో ఎనిమిది మంది ఉన్నారు. మధ్యలో కుర్చీల మీద ఒక ముసలాయన, ఒక పెద్దామె. వెనక మిలిటరీ డ్రెస్సులో ఒకాయన, చేతి మీద ఒక్క పట్టీ. ఆయన పక్కన చొక్కా వేసుకున్న కుర్రవాడు. ఇంకోపక్క చంటిపిల్లను ఎత్తుకున్న ఆడమనిషి. కింద నేల మీద ఇద్దరు మగపిల్లలు.

తొమ్మిదో మనిషి కూడా ఉంది. మనిషి లేదు, చెయ్యి ఉంది. కూర్చున్న పెద్దామె భుజం మీద ఎవరిదో చెయ్యి. మణికట్టు దాకా కనిపిస్తుంది. అక్కడితో ఫోటో అయిపోతుంది.

మా నాయన చిన్నప్పటి నుంచీ ఆ ఫోటో గోడకు ఉంది. ఆయనకు తెలిసింది ముగ్గురే. చొక్కా వేసుకున్న కుర్రవాడు మా తాత. మిలిటరీ ఆయన పెదతాత. ఎత్తుకున్న చంటిపిల్ల మా మేనత్త, పెదతాత కూతురు. కింద కూర్చున్న పిల్లల్లో ఒకడు తాతకు తమ్ముడు, రెండోవాడు 'చిన్నప్పుడే పోయిన ఇంకో తమ్ముడు' అని చెప్పుకునేవాళ్ళు. చెయ్యి సంగతి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు.

మొదటి మెట్టు: బతికున్నవాళ్ళు

ఏ రిజిస్టరు దగ్గరికీ పోకముందు ఇంట్లో పెద్ద వయసు వాళ్ళ దగ్గర కూర్చోవాలి. మా మేనత్తకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఫోటో నాటికి చంటిపిల్ల. ఆమెకు సొంతంగా ఏం గుర్తుంటుంది అనుకోవద్దు. వాళ్ళమ్మ చెప్పిన మాటలన్నీ ఉన్నాయి.

ఏ సంవత్సరం అని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఏం జరిగిన ఏడు అని అడగాలి. మన పెద్దవాళ్ళ క్యాలెండరు అది. ధాత కరువు, ఉప్పెన, ఫలానా పెళ్ళి. మా మేనత్త చెప్పింది: "జపానోళ్ళు వైజాగు మీద, కాకినాడ మీద బాంబులేసిన ఏడు నేను పాకతా ఉండానంట. మా నాయన సెలవు మీద వచ్చినప్పుడు తీయించారంట." విశాఖ, కాకినాడల మీద బాంబులు పడింది 1942 ఏప్రిల్ 6న. ఫోటో వయసు అక్కడ తేలింది. బడి సర్టిఫికెట్‌లో ఆమె పుట్టినరోజు జూలై 1 అని ఉంది. దాన్ని నమ్మి లెక్క వేయొద్దు. మన పల్లెల్లో ఎంతమంది జూలై 1న పుట్టారో ఒకసారి చూసుకోండి. ఆ తేదీ పంతులుగారు పెట్టింది.

ఇంకో సంగతి. ఆడవాళ్ళ దగ్గర వరసలు దొరుకుతాయి, పేర్లు దొరకవు. వాళ్ళమ్మ మొగుడి పేరు ఎత్తలేదు, మామ పేరు ఎత్తలేదు, బావ పేరు ఎత్తలేదు. అట్లా ఒక తరం ఆడవాళ్ళ నోట్లోనే సగం పేర్లు పోయాయి. కాబట్టి వరసలు రాసుకోండి. ఎవరు ఎవరికి ఏమవుతారో తెలిస్తే పేరు తర్వాత కాగితంలో పట్టుకోవచ్చు.

చెయ్యి సంగతి అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పింది.

"నా ముందే కోశాడమ్మాయ్ మా చిన్నాయన. కత్తెర కూడా కాదు, గడ్డం గీసుకునే బ్లేడు. పటం చిన్నది, పట్టట్లా అన్నాడు. పట్టకపోతే ఇటుపక్క ఖాళీగా ఉన్న గుడ్డ కొయ్యొచ్చుగా. మనిషిని కోశాడు. మా పెద్దత్త ఆమె."

చిన్నాయన అంటే మా తాత. అప్పుడే సంఘపెద్ద అయ్యాడంట. కోసేసింది సొంత అక్కని.

రెండో మెట్టు: చర్చి రిజిస్టరు

మన మైదానంలో పల్లె మనుషుల పేర్లు వరసగా, తండ్రి పేరుతో, ఊరి పేరుతో మొదట రాసిన పుస్తకాలు చర్చి పుస్తకాలే. గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ దొర వచ్చింది 1842లో. ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్. 1866లో తాళ్ళకొండపాడు యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మం తీసుకున్నారు. మాదిగల్లో ఉద్యమంగా సాగిన ఆ మార్పుకు వాళ్ళే మొదలు. ఆ తర్వాత 1876-78 ధాత కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని కరువు మనుషులకు పని పెట్టాడు. కరువు తగ్గాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నానికి అమ్ముడుపోయారని ఊరివాళ్ళు ఎగతాళి చేశారు. ఎవరి గాదెలు ఎందుకు మూసున్నాయో మాత్రం చెప్పలేదు.

మా కుటుంబం ఉన్న రిజిస్టరును అక్కడి పాస్టరుగారు దయతో చూడనిచ్చారు. ఫోటో తీయడానికి ఒప్పుకోలేదు, చేత్తో రాసుకున్నాను. కుర్చీలో కూర్చున్న ముత్తాత పేరు దొరికింది. అది పెంటయ్య, పుల్లయ్య లాంటి పేరు. ఆ పేర్లు చూసి నవ్వుకోవద్దు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే తర్వాతి బిడ్డను పెంట మీద పెట్టో, ఎంగిలి విస్తరాకులో దొర్లించో తెచ్చుకుని ఆ పేరు పెట్టేవాళ్ళు. ఆ ఒక్క పేరు చెప్తున్నది ఏంటంటే, మా ముత్తాతకు ముందు ఆ తల్లి పిల్లల్ని పోగొట్టుకుంది. ఆయన పుట్టింది ధాత కరువు పోయిన నాలుగైదేళ్ళకు. లెక్క మీరే వేసుకోండి.

ఆయన పిల్లల పేర్లన్నీ బైబిలు పేర్లు. మొదటి పేరు ఆడపిల్లది. ఆ పేరు ఎదురుగా, చివరి గడిలో వేరే సిరాతో ఒక ముక్క రాసి ఉంది. 'అన్యునితో వివాహము. సంఘము నుండి తీసివేయబడినది.'

అన్యుడు అంటే ఎవరో కాదు. పక్క ఊరి మాదిగ. బాప్తిస్మం తీసుకోనివాడు. మిషన్ పెట్టిన షరతులు మీకు తెలుసు. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. జాతరలో డప్పు కొట్టడం కూడా విగ్రహసేవ కిందే లెక్క. మా ముత్తాత తరం డప్పు కింద పెట్టినందుకు ఊరివాళ్ళ చేత దెబ్బలు తిన్నది. అది మామూలు తెగింపు కాదు, దాన్ని నేను తక్కువ చేయను. ఆ తెగింపు వల్లే మా తాత బడికి పోయాడు. ఆమెను చేసుకున్నవాడు మాత్రం డప్పు దించలేదు. ఈ రోజు ర్యాలీలో మనం మెడలో వేసుకుని తిరిగే ఆ డప్పే. 1994లో ఈదుముడిలో దండోరా మొదలైనప్పటి నుంచి పేరు పక్కన 'మాదిగ' అని గర్వంగా రాసుకుంటున్నాం. అరవై ఏళ్ళు ముందు అదే డప్పు వల్ల ఒక ఆడమనిషి పేరు పుస్తకంలో నుంచి, తర్వాత ఫోటోలో నుంచి పోయింది.

మూడో మెట్టు: బడి రిజిస్టరు

ఆమె ఏ ఊరికి పోయిందో మేనత్తకు తెలీదు. ఆమె కొడుకు దారి చూపించాడు. నేల మీద కూర్చున్న ఆ రెండోవాడు.

మా పల్లె మిషన్ బడి ఇప్పుడు ఎయిడెడ్ బడి. పాత అడ్మిషన్ రిజిస్టరు బీరువాలో ఉంది. అందులో ఒకే రోజు చేరిన ఇద్దరు పిల్లలు. ఇద్దరికీ సంరక్షకుడు మా ముత్తాతే. ఒకడు మా ఇంటిపేరు, కులం గడిలో 'ఇండియన్ క్రిస్టియన్'. రెండోవాడిది వేరే ఇంటిపేరు, తండ్రి పేరు వేరు, ఊరు వేరు. కులం గడిలో 'ఆది ఆంధ్ర'.

కాబట్టి వాడు చనిపోయిన తమ్ముడు కాదు. కూతురి కొడుకు. సంఘం నుంచి తీసేసిన కూతురి కొడుకుని తాత, అమ్మమ్మ ఇంట్లో పెట్టుకుని చదివించారు. కాగితం లేకపోతే ఇది మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఆది ఆంధ్ర అనే మాట కొత్తవాళ్ళకు తెలియకపోవచ్చు. 1917 నవంబరులో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములనే పేరు వద్దు, మేం ఆది ఆంధ్రులం అని చెప్పుకున్నారు. తర్వాత సర్కారు కాగితాల్లోకి ఆ మాట ఎక్కింది. మన ఆత్మగౌరవం కోసం పుట్టిన మాట అది. బడి రిజిస్టరులో మాత్రం ఒకే ఇంట్లో, ఒకే చాప మీద పడుకునే ఇద్దరు పిల్లల మధ్య గీత అయింది.

ఆ గీత ఏమైందో చూడండి. 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. ఎస్సీలు ఎవరో చెప్పింది. దాని మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని, ముస్లింల్ని చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970లో బీసీ జాబితాలు చేసినప్పుడు ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వెళ్ళినవాళ్ళను 'సి' గ్రూపులో పెట్టి ఒక్క శాతం ఇచ్చారు.

ఇండియన్ క్రిస్టియన్ అని రాసినవాడి వైపు మేం, బీసీ-సీ. ఆది ఆంధ్ర అని రాసినవాడి పిల్లలు ఎస్సీ. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కాతమ్ముళ్ళ సంతానం. కులం ఒకటే, గుడిసెలు పక్కపక్కనే, ఊళ్ళో గ్లాసు ఒకటే. సర్టిఫికెట్లు రెండు.

నాలుగో మెట్టు: వెళ్ళి తలుపు కొట్టడం

రిజిస్టరులో ఇంటిపేరు, ఊరు దొరికాక మిగిలింది సులువు. తెలుగువాళ్ళకు ఇంటిపేరు మంచి దారం. చిలకలూరిపేట వైపు ఆ ఊళ్ళో మాదిగపల్లెకు పోయి ఆ ఇంటిపేరు చెప్తే చిన్నపిల్లలే తీసుకెళ్ళి చూపించారు.

ఆ రెండోవాడు, అంటే వరసకు మా మామ, చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆయన కూతురు ఉంది. నాకు వదిన అవుతుంది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి పోయి పొద్దుగూకాక వచ్చింది. మంచినీళ్ళు ఇవ్వబోయి చేతులు చూసుకుని, కారం చేతులని కూతురికి చెప్పింది ఇవ్వమని. నేను ఫలానా ఊరి నుంచి వచ్చానని చెప్పగానే ఆమెకు అర్థమైంది.

"బాప్తిస్మపోళ్ళా. మా జేజిని ఎలేసినోళ్ళు."

కోపంగా అనలేదు. గుర్తుపట్టినట్టు అంది. వెలి అనే మాట మనం ఊరివాళ్ళ మీద వాడతాం. మా మీద ఒకరు వాడగా వినడం నాకు అదే మొదటిసారి. నేను ఏమీ సర్దిచెప్పలేదు. నా ఫోనులో ఉన్న మా ఫోటో చూపించాను. ఆమె ఫోటో చూసి లోపలికి పోయి ట్రంకుపెట్టెలో నుంచి ఒక గుడ్డ మూట తెచ్చింది. అందులో అదే ఫోటో. కోయనిది.

ఆమె ఉంది. పొడుగు మనిషి. తమ్ముడికి సమానంగా నిలబడింది. ఒక చెయ్యి తల్లి భుజం మీద. నుదుట రూపాయి కాసంత బొట్టు. ఫోటోలో ఇంకే ఆడమనిషికీ బొట్టు లేదు. సంఘపెద్ద ఇంట్లో గోడ మీద ఉండకూడనిది ఏంటో అప్పుడు అర్థమైంది.

"పోయిందాకా దిండు కింద పెట్టుకునుండేది. మిలిటరీ తమ్ముడే రెండు కాపీలు తీయించి ఒకటి ఆమెకిచ్చాడంట" అంది వదిన.

ఫోనుతో ఫోటో తీసుకోవచ్చా అని అడిగాను. తీసుకోమంది. వచ్చేటప్పుడు గుమ్మం దాకా వచ్చి మెల్లగా చెప్పింది.

"ఫేసుబుక్కులో మాత్రం పెట్టమాక అమ్మాయ్. పిల్ల గ్రూప్ టూ రాస్తా ఉంది. కిరస్తానపోళ్ళతో చుట్టరికం అని ఎవడన్నా అర్జీ పెడితే దాని సర్టిఫికెట్ ఏం గాను?"

పేర్లు ఎందుకు రాయలేదంటే

వదిన భయం ఉత్తి భయం కాదు. 1993 నాటి 16వ నంబరు చట్టం ప్రకారం కుల ధృవీకరణ పత్రం తప్పని తేలితే కలెక్టరు రద్దు చేయొచ్చు. న్యాయంగా చూస్తే క్రైస్తవ చుట్టాలు ఉన్నంత మాత్రాన ఆ పిల్ల ఎస్సీ కాకుండా పోదు. కానీ అర్జీ పడ్డాక విచారణ అంటూ తిరగాల్సింది ఆ పిల్లే. వీఆర్వో దగ్గర నుంచి స్క్రూటినీ కమిటీ దాకా. ఈలోపు ఉద్యోగాల లిస్టు వెళ్ళిపోతుంది.

మా వైపు పరిస్థితి ఇంకోరకం. 2025లో మన హైకోర్టు పాత గుంటూరు జిల్లాలోని ఒక ఊరి నుంచి వెళ్ళిన కేసులో తీర్పు చెప్పింది. కులం పేరుతో దూషించారని, కొట్టారని ఒక పాస్టరుగారు పెట్టిన కేసు అది. క్రైస్తవంలోకి మారినవాడు ఆ రోజు నుంచే ఎస్సీ కాడు కాబట్టి అట్రాసిటీ చట్టం వర్తించదు అని తేల్చారు. అంటే రేపు మా వదినను, నన్ను పక్కపక్కన నిలబెట్టి ఒకే నోటితో ఒకే మాట తిడితే, చట్టం దృష్టిలో ఆమెను తిట్టడం నేరం, నన్ను తిట్టడం అదే నేరం కాదు. తిట్టేవాడు సర్టిఫికెట్ చూసి తిట్టడు. 1985 జూలై 17న కారంచేడులో గొడ్డళ్ళు పట్టుకుని మాదిగపల్లె మీదికి వచ్చినవాళ్ళు ఎవరింట్లో బైబిలు ఉందని అడగలేదు.

పెద్ద కులాల వాళ్ళు వంశవృక్షం ఎక్కడైనా పెట్టుకోవచ్చు. పుస్తకం అచ్చు వేయించుకోవచ్చు, హాలులో పటం కట్టించుకోవచ్చు. వాళ్ళకు అది ఆస్తి. మనకు అది ఎవరి చేతిలో పడితే వాళ్ళ సాక్ష్యం. అక్కాతమ్ముళ్ళని ఒక ఫోటోలో పక్కపక్కన చూపించడానికి భయపడే స్థితి ఎవరు తెచ్చారో ఆలోచించండి. మా తాత బ్లేడుతో కోసింది ఒక్క కాపీ. 1950 ఉత్తర్వులోని మూడో పేరా అన్ని కాపీలూ కోస్తోంది, ప్రతి ఇంట్లో, ఇప్పటికీ.

మతాన్ని బట్టి ఎస్సీ హోదా తీసేయకూడదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని మన అసెంబ్లీ 2023 మార్చిలో తీర్మానం చేసింది. కమిషన్లు, తీర్మానాలు కాగితాలుగానే ఉన్నాయి. కొంతమంది మిత్రులు, 'వాళ్ళు వస్తే మన వాటా తగ్గుతుంది కదా' అంటారు. వాటా పెంచమని కలిసి అడుగుదాం. ముందు ఒక్కసారి మీ ఇంటి ఫోటో తీసి, అందులో 'వాళ్ళు' ఎవరో, 'మనం' ఎవరో వేలుపెట్టి చూపించండి. మా ఫోటోలో నాకు చేతకాలేదు.

మీరు చేయాల్సింది

1. ముందు ఫోటోకి ఫోనుతో కాపీ తీయండి. పటంలో నుంచి తీసి వెనక వైపు కూడా తీయండి. అంచులు చూడండి. నాలుగు అంచులూ సమంగా ఉన్నాయా, ఎవరన్నా కోశారా చూడండి.

2. ఇంట్లో అందరికంటే పెద్దామె దగ్గర ఈ నెలలోనే కూర్చోండి. వచ్చే సంక్రాంతికి చూద్దాం అనుకోవద్దు. సంవత్సరం అడగొద్దు, ఏం జరిగిన ఏడో అడగండి. పేరు చెప్పకపోతే వరస అడగండి. మాట రికార్డు చేసుకోండి.

3. బడి అడ్మిషన్ రిజిస్టరు, చర్చి రిజిస్టరు, మిలిటరీ పింఛను కాగితాలు, డి-పట్టా. ఏది దొరికితే అది. ఒకే పేరు తాతకీ మనవడికీ ఉంటుంది. తండ్రి పేరు, ఊరు కలవకుండా ఇద్దర్ని ఒకరిగా కలపొద్దు.

4. అత్తారింటికి పోయిన ఆడపిల్లల వైపు తప్పకుండా వెతకండి. మన ఇంట్లో పోయిన కాగితం, ఫోటో వాళ్ళ ట్రంకుపెట్టెలో ఉంటుంది.

5. ఫోటో వెనక పెన్సిలుతో పేర్లు రాయండి. పెన్ను వద్దు, సిరా ముందుకు దిగుతుంది. ఆ కాపీ ఇంట్లో ఉంచుకోండి.

6. అడగకుండా ఎవరి ఫోటో, ఎవరి పేరు ఇక్కడ పెట్టొద్దు. పేరు తెలుసుకోవడం మన హక్కు. బయట పెట్టాలా వద్దా అన్నది ఎవరికి నష్టం జరుగుతుందో వాళ్ళ నిర్ణయం.

కోయని కాపీని గుంటూరులో పెద్దదిగా ప్రింటు తీయించి మా మేనత్తకు ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఈమేనా. మా నాయన మాదిరే ఉండాదే" అంది. వదిన ఫోను నంబరు అడిగి తీసుకుంది. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. ఎక్కువగా మోకాళ్ళ నొప్పుల గురించి.

మేనకోడలు పరీక్ష రాసింది. ఫలితాలు రావాలి.

వచ్చే భాగంలో డి-పట్టా కాగితాల నకళ్ళు తహసీల్దారు ఆఫీసులో ఎట్లా అడగాలో, ఏ దరఖాస్తు పెట్టాలో రాస్తాను. మీ ఇంటి ఫోటోల సంగతులు కింద రాయండి. పేర్లు లేకుండా, వరసలతో రాయండి చాలు.

జై భీమ్.